తిరుపతి, చిత్తూరు కొండల్లో ఏడాది పొడవునా నడక: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి దగ్గర స్టేట్ పార్కులు ఉన్నాయా?

ఆ పేరుతో లేవు, అది అమెరికాలో వాడే మాట. మన దేశంలో అడవిని రక్షించే పద్ధతి వేరు. జాతీయ ఉద్యానవనం, వన్యప్రాణి అభయారణ్యం, రిజర్వు ఫారెస్టు అని విభజిస్తారు. ఏ రకం అడవి అన్నదాన్ని బట్టి మీరు ఎంత లోపలికి వెళ్లొచ్చో తేలుతుంది. తిరుమల కొండలు, తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం పరిధిలోకి వస్తాయి. దాని విస్తీర్ణం సుమారు 353 చదరపు కిలోమీటర్లు, 1989లో జాతీయ ఉద్యానవనం హోదా వచ్చింది. దాన్ని కలుపుకొని ఇంకా చాలా విశాలమైన ప్రాంతాన్ని 2010లో శేషాచలం జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం ఉంది. సూళ్లూరుపేట వైపు నేలపట్టు పక్షుల కేంద్రం, పులికాట్ సరస్సు ఉన్నాయి. నాగలాపురం, సత్యవేడు కొండలు ఎక్కువగా రిజర్వు ఫారెస్టు. ఇవన్నీ తిరుపతి నుంచి పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరగల దూరంలోనే ఉన్నాయి. ఇంత అడవి పక్కన పెట్టుకుని బతికే ఊళ్లు మన రాష్ట్రంలో ఎన్నో లేవు.

ఏ నెలలో ఎక్కడికి వెళ్తే బాగుంటుంది?

అందరూ ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. చాలామంది సెలవు ఎప్పుడు దొరికితే అప్పుడు, ఫోన్‌లో ఏ జలపాతం బాగా కనిపిస్తే అక్కడికి బయల్దేరతారు. మే నెలలో వెళ్లి నీళ్లు లేవని, నవంబరులో వెళ్లి దారి మూసేశారని నిరాశపడి తిరిగొస్తారు. మన కొండలకు ఒక్కోదానికి ఒక్కో కాలం ఉంది.

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు పడే వానలతో కొండ పచ్చబడుతుంది, కానీ వాగులు నిండుగా పారేది దసరా, దీపావళి దాటాకే. అందుకే జలపాతాలు చూడాలంటే నవంబరు చివరి నుంచి జనవరి వరకు మంచి కాలం. అయితే తుపాను హెచ్చరిక ఉన్న వారం ఏ కోనకూ వెళ్లకండి. 2021 నవంబరులో కురిసిన వానకు కపిలతీర్థం దగ్గర నీళ్లు ఎలా విరుచుకుపడ్డాయో తిరుపతి వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఘాట్ రోడ్డుపై కొండచరియలు పడ్డాయి. శ్రీవారిమెట్టు దారి కొట్టుకుపోయి, మళ్లీ తెరిచేసరికి 2022 వేసవి వచ్చింది. వాన ఆగిన నాలుగైదు రోజుల తర్వాత నీరు తేటపడుతుంది, ధార తగ్గదు. అప్పుడు వెళ్లండి.

జనవరి, ఫిబ్రవరి నడవడానికి అన్నిటికంటే మంచి నెలలు. పొద్దున చలి, పగలు హాయైన ఎండ, వాగుల్లో ఇంకా నీళ్లు. అడవి ఆకు రాల్చడం మొదలవుతుంది కాబట్టి చెట్ల మధ్య దూరం దాకా కనిపిస్తుంది, పక్షుల్ని చూడటం తేలిక. నేలపట్టులో గూడబాతులు, పులికాట్‌లో రాజహంసలు ఉండే కాలం కూడా ఇదే. కొండ ఎక్కలేని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లను అటు తీసుకెళ్లండి.

ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో మోదుగ పూస్తుంది. ఆకు ఒక్కటి కూడా లేని కొండగోగు కొమ్మలకు పెద్ద పెద్ద పసుపు పూలు వస్తాయి. ఈ రెండు వారాల కోసం నేను ఏడాదంతా ఎదురుచూస్తాను. జలపాతం ఫోటోలు అందరి దగ్గరా ఉంటాయి గానీ, ఎండిన కొండ మీద కొండగోగు పూసిన తీరు చూసినవాళ్లు తక్కువ.

మార్చి మధ్య నుంచి జూన్ దాకా అడవి నిప్పుకు సిద్ధంగా ఉంటుంది. 2014 మార్చిలో శేషాచలంలో రేగిన మంటలు ఆర్పడానికి హెలికాప్టర్లు తేవాల్సి వచ్చింది. ఈ నెలల్లో లోపలి దారులు మూసేస్తే అటవీశాఖను తిట్టుకోకండి. ఆ కాలంలో హార్స్‌లీ హిల్స్ ఉంది, లేదంటే పొద్దున్నే తిరుమల మెట్లు ఎక్కడం ఉంది.

జూలై నుంచి సెప్టెంబరు వరకు ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నా ఉద్దేశంలో అది తప్పు. ఆకాశం మబ్బుగా ఉంటుంది, కొండ పచ్చగా ఉంటుంది, జనం తక్కువ. సీతాఫలాలు కొండల నుంచి బజారుకు వచ్చే రోజులకు అడవి బాగా చిక్కబడి ఉంటుంది. చంద్రగిరి కోట కొండ, హార్స్‌లీ హిల్స్, పలమనేరు వైపు కైగల్ జలపాతం ఈ నెలల్లో చూడాల్సినవి.

ఎప్పుడూ కొండ ఎక్కలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

శ్రీవారిమెట్టులో. శ్రీనివాసమంగాపురం దాటాక కొండ కింద మొదలవుతుంది. 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు. ఆగుతూ ఆగుతూ ఎక్కినా మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లకు గంటన్నర, రెండు గంటలు. పగటిపూట మాత్రమే తెరుస్తారు. అలిపిరి దారి పొడుగైనది, 3,550 మెట్లు, దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. గాలిగోపురం దాకా నిటారుగా ఎక్కించి, తర్వాత చాలా దూరం చదునుగా నడిపించి, చివర్లో మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ పరీక్ష పెడుతుంది. మొదటి అరగంటలోనే ఊపిరి ఆడక వెనక్కి వచ్చేద్దామనుకునేవాళ్లు గాలిగోపురం దాటితే మిగతాది నడిచేస్తారు. ఆ సంగతి తెలియక కింద నుంచే పరుగులు తీసేవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు.

రెండూ మొక్కు తీర్చుకునే దారులు. పక్కన పసుపు, కుంకుమ పెడుతూ ఒక్కో మెట్టూ ఎక్కే తల్లులు ఉంటారు. వ్యాయామం కోసం వెళ్లినా సరే, వాళ్లకు దారి ఇచ్చి, చెప్పులు లేకుండా నడిచేవాళ్ల మధ్య స్పీకర్లో పాటలు పెట్టకుండా వెళ్లండి. దర్శనం టోకెన్లు ఇచ్చే చోటు, సమయాలు మారుతుంటాయి కాబట్టి ముందు రోజు టీటీడీ ప్రకటన చూసుకోండి.

మెట్లు కాకుండా మట్టిదారి కావాలంటే చంద్రగిరి. యాదవరాయల కాలం నాటి కోట, కింద రాజమహల్, రాణిమహల్, వెనక 183 మీటర్ల కొండ. రాజమహల్‌లోని పురావస్తు మ్యూజియానికి శుక్రవారం సెలవు. అది చూసుకుని పొద్దున్నే వెళ్లండి, పది దాటితే బండలు కాలుతాయి.

తుంబురు తీర్థం, రామకృష్ణ తీర్థం ఎప్పుడైనా వెళ్లొచ్చా?

వెళ్లకూడదు. అవి జాతీయ ఉద్యానవనం లోపలి దారులు, మామూలు రోజుల్లో అనుమతి ఉండదు. ఏడాదిలో ఒక్కోదానికి ఒక ముక్కోటి, అంటే తీర్థస్నానాల పండుగ ఉంటుంది, జనానికి దారి తెరిచేది అప్పుడే. రామకృష్ణ తీర్థానికి పుష్య పౌర్ణమి, కుమారధారకు మాఘ పౌర్ణమి, తుంబురు తీర్థానికి ఫాల్గుణ పౌర్ణమి. అంటే జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ మధ్య నెలకొక పౌర్ణమి. మన పెద్దవాళ్లు ఈ తిథులు పెట్టిన కాలం నడవడానికి కూడా ఎంత అనువైనదో గమనించండి. వానలు ఆగి, వాగులు దాటగలిగేలా తగ్గి, ఎండ ఇంకా ముదరని రోజులవి.

తుంబురు తీర్థానికి పాపవినాశనం నుంచి అడవిలో దాదాపు ఏడు కిలోమీటర్లు. బండరాళ్లు, వేర్లు, నీళ్లు దాటుకుంటూ వెళ్తే చివర కొండ రెండుగా చీలినట్టు నిలబడి, మధ్యలో నీళ్లలో నడవాల్సి వస్తుంది. శేషాచలంలో అంతకు మించిన చోటు నేను చూడలేదు. ముక్కోటి రోజుల్లో టీటీడీ వాళ్లు దారిలో తాగునీరు, అన్నప్రసాదం, వైద్య సిబ్బందిని పెడతారు. గుండెజబ్బు, ఆయాసం, ఊబకాయం ఉన్నవాళ్లను, చిన్నపిల్లలను రావద్దంటారు. ఆ మాట వినండి. అక్కడ ఎవరైనా కూలబడితే మోసుకురావడానికి మనుషుల భుజాలు తప్ప దారి లేదు.

మామండూరు, కుక్కలదొడ్డి వైపు నుంచి అడ్డదారిన తీసుకెళ్తామనేవాళ్లు తగులుతారు. అనుమతి లేకుండా అలా వెళ్లడం నేరం. అన్నమయ్య నడిచిన దారిగా చెప్పుకునే కుక్కలదొడ్డి బాటకూ ఇదే వర్తిస్తుంది.

తలకోనకు ఒక రోజు చాలుతుందా?

జలపాతం చూసి రావడానికి చాలు. అడవి చూడాలంటే ఒక రాత్రి ఉండండి. తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా సుమారు 60 కిలోమీటర్లు. భాకరాపేట ఘాట్‌లో బండి నెమ్మదిగా నడపాలి. బస్సులు తక్కువ, తిరుగు బస్సు తప్పితే అక్కడే చిక్కుకుంటారు.

నెరబైలు దాటాక సిద్ధేశ్వరస్వామి గుడి వస్తుంది. అక్కడి నుంచి నడిస్తే జలపాతం. 270 అడుగుల ఎత్తు, ఆంధ్రప్రదేశ్‌లో ఎత్తైన జలపాతంగా చెబుతారు. అందరూ ధార కింద తడిసి వెళ్లిపోతారు. నేనైతే దారి పక్కనున్న గిల్లతీగ దగ్గర ఆగమంటాను. మనిషి నడుమంత లావున చెట్ల మీదుగా పాకుతూ పోతుంది, దాని కాయ ఒక్కోటి మీటరు దాటుతుంది. చెట్ల కొమ్మల మధ్య కట్టిన 240 మీటర్ల తాడు వంతెన కూడా ఉంది. అది నడిచే స్థితిలో ఉందో లేదో టికెట్ కౌంటర్లో అడగండి. ఆదివారం మధ్యాహ్నం వెళ్తే మీకు కనిపించేది జనమే. మామూలు రోజున, పొద్దున తొమ్మిదిలోపు చేరితే చెట్ల మీద బెట్టుడతలు కనిపించే అవకాశం ఉంది.

తడ, నాగలాపురం మడుగుల్లో ఈత కొట్టొచ్చా?

ఈ ప్రశ్నకు జవాబు ఎక్కువమంది చదవాలని నా కోరిక. తడ జలపాతం అని చెన్నై వాళ్లు పిలిచే ఉబ్బలమడుగు, నాగలాపురం కొండల్లోని మడుగులు చాలా అందమైనవి. ఆ అందమైన నీళ్లలో ఎన్నో ప్రాణాలు పోయాయి. దాదాపు ప్రతి వార్తా ఒకేలా ఉంటుంది: స్నేహితులంతా కలిసి వచ్చారు, ఒకడు దూకాడు, పైకి రాలేదు, కాపాడబోయినవాడు కూడా పోయాడు. పోయేది ఎక్కువగా కాలేజీ పిల్లలు. వాళ్ల ఇళ్లలో ఆ మడుగు పేరు కూడా అంతకు ముందు విని ఉండరు.

కారణాలు తెలుసుకోండి. మన కోనల్లో బండ నున్నగా అరిగి నాచు పట్టి ఉంటుంది, అంచు మీద కాలు ఆనదు. నీరు తేటగా ఉండటంతో లోతు తక్కువగా అనిపిస్తుంది. మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో నిలువు లోతుకు పడిపోతుంది. అడుగున బండల మధ్య సందులు ఉంటాయి, దూకినవాళ్లకు తల తగులుతుంది లేదా కాలు ఇరుక్కుంటుంది. ఎండలో నడిచి నడిచి ఒళ్లు వేడెక్కాక ఒక్కసారిగా చన్నీళ్లలోకి దూకితే ఊపిరి పట్టు తప్పుతుంది. స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకున్న ఈత వీటిలో దేనికీ పనికిరాదు.

ఇంకొకటి ఉంది. పైన కొండల్లో వాన పడితే కింద ఎండ కాస్తున్నా వాగు పొంగుతుంది. నీటి రంగు మారినా, ఆకులు పుల్లలు కొట్టుకొస్తున్నా వెంటనే ఎత్తైన గట్టుకు చేరండి. అవతలి ఒడ్డున ఉండిపోతే నీరు తగ్గేదాకా అక్కడే కూర్చోండి. రాత్రంతా కూర్చోవాల్సి వచ్చినా సరే.

నీళ్లలో ఆడుకోవాలని పిల్లలు మారాం చేస్తే నారాయణవనం దగ్గరి కైలాసకోనకు వెళ్లండి. రోడ్డుకు దగ్గర, గుడి ఉంది, మనుషులు ఉంటారు. ధార కింద నిలబడి తడవచ్చు. అక్కడ కూడా బండలెక్కి దూకనివ్వకండి. నాగలాపురం, సత్యవేడు కొండల లోపలికి వెళ్లాలంటే ముందు అటవీశాఖ అనుమతి ఉందో లేదో కనుక్కోండి. నీళ్లలో మద్యం తాగి దిగేవాళ్ల గుంపు కనిపిస్తే మీరు అక్కడి నుంచి వచ్చేయండి.

చిరుతలు, ఎలుగుబంట్లు, ఏనుగులు ఎదురైతే?

ఉన్నాయి, అది వాటి ఇల్లు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారి ప్రాణం తీసింది. ఆ తర్వాతే పిల్లలను మధ్యాహ్నం దాటాక నడకదారిలోకి పంపకుండా ఆంక్షలు పెట్టారు, భక్తుల చేతికి కర్రలు ఇచ్చారు, గుంపులుగా పంపారు. పిల్లల్ని ముందు పరుగెత్తనివ్వకండి, వెనక వదలకండి. మధ్యలో ఉంచండి, చేయి పట్టుకోండి. జింకలకు, కోతులకు తిండి పెట్టొద్దు. తిండి కోసం అవి దారి పక్కకు చేరితే వాటి కోసం చిరుత చేరుతుంది.

చిరుత కనిపిస్తే పరుగెత్తకండి, వంగకండి, వీపు చూపకుండా నిదానంగా వెనక్కి జరగండి. గట్టిగా అరవండి. ఎలుగుబంటి విషయంలో దూరంగా ఉండగానే పక్కకు తప్పుకోవడం మేలు. దానికి చూపు అంతంత మాత్రం, ఎక్కువగా అకస్మాత్తుగా ఎదురుపడినప్పుడే మీద పడుతుంది. పొదల దారిలో మాట్లాడుకుంటూ నడిస్తే మన అలికిడికి అదే తప్పుకుంటుంది.

నాకు అన్నిటికంటే భయం ఏనుగంటేనే. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి వచ్చి కౌండిన్యలో స్థిరపడ్డాయి, ఇప్పుడు శేషాచలంలోనూ తిరుగుతున్నాయి. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి ముందు, గుండాలకోనకు రాత్రిపూట అడవిదారిన నడిచి వెళ్తున్న భక్తులు ఏనుగుల దాడిలో చనిపోయారు. తాజా లద్దె, విరిగిన కొమ్మలు కనిపిస్తే ముందుకు వెళ్లకండి. సెల్ఫీ కోసం ఆగకండి. కౌండిన్యలో సొంతంగా నడవడానికి అసలు ప్రయత్నించొద్దు. పలమనేరు, కుప్పం పల్లెల్లో పంటకు కాపలా పడుకునే రైతులు ఈ ఏనుగుల మధ్యే బతుకుతున్నారు, ఎటు మంద ఉందో వాళ్లకు తెలుస్తుంది. వాళ్లు వద్దంటే వెనక్కి తిరగండి.

దారి తప్పి అడవిలోకి వెళ్తే పట్టుకుంటారా?

పట్టుకోవచ్చు. దానికి కారణం ఎర్రచందనం. ఈ చెట్టు సహజంగా పెరిగేది ప్రపంచంలో మన శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లోనే. దుంగల దొంగరవాణా ఎంత పెద్దదంటే దాని కోసమే ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ పనిచేస్తోంది. చీకటిపడ్డాక సంచులతో కనిపించే గుంపు మీద సిబ్బందికి అనుమానం రావడం సహజం. అందుకే అనుమతి పత్రం, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి, వెలుగుండగానే బయటకు రండి.

చెట్టును మాత్రం తప్పక గుర్తుపట్టడం నేర్చుకోండి. నల్లటి బెరడు పలకలు పలకలుగా పగిలి మొసలి చర్మంలా ఉంటుంది, ఎక్కువగా మూడేసి ఆకులు, కాయ గుండ్రంగా రెక్కతో బిళ్లలా ఉంటుంది. ఒక్క మొక్క పేరు తెలిసినా మిగతా అడవి కొంచెం దగ్గరవుతుంది. ఆ తర్వాత తెల్లకరక, మోదుగ, తునికి ఒక్కొక్కటే తెలుస్తాయి.

శిలాతోరణం కాకుండా రాళ్లలో చూడాల్సినవి ఏమున్నాయి?

శిలాతోరణం సరే, ఎనిమిది మీటర్ల వెడల్పున వాన, గాలి చెక్కిన సహజ తోరణం. అంతకన్నా పెద్ద వింత ఘాట్ రోడ్డు పక్కనే ఉంది, బస్సులో రోజూ వేలమంది దాన్ని దాటిపోతారు. కొండకోతలో కింద పాత గ్రానైటు రాయి, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు అనే గట్టి రాయి కనిపిస్తాయి. ఆ రెండూ కలిసే గీత దగ్గర దాదాపు 80 కోట్ల ఏళ్ల చరిత్ర లేదు. ఆ కాలమంతా పాత రాయి అరిగిపోతూ ఉంది, తర్వాత దాని మీద కొత్త పొరలు పేరుకున్నాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు దీన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. భారత భూగర్భ సర్వే సంస్థ శిలాతోరణాన్ని, ఈ చోటును జాతీయ భూవారసత్వ స్థలాలుగా గుర్తించింది. అక్కడ బండి ఆపనివ్వరు కాబట్టి కిటికీ పక్కన కూర్చుని చూసుకోండి.

ఈ రాళ్ల సందుల్లోనే, తడి ఉన్న చోట బంగారు బల్లి ఉంటుంది. చీకట్లో బండల మధ్య నుంచి గట్టిగా అరుస్తుంది. బల్లి అరుపని చెబితే కొత్తవాళ్లు నమ్మరు.

ఎండాకాలం హార్స్‌లీ హిల్స్ వెళ్లడం మంచిదేనా?

మంచిదే. మదనపల్లె దగ్గర, 1,265 మీటర్ల ఎత్తు. తిరుపతి 40 డిగ్రీలు దాటిన రోజున అక్కడి సాయంత్రం హాయిగా ఉంటుంది. ఏనుగు మల్లమ్మ కొండ అని పాత పేరు. కడప కలెక్టరు హార్స్‌లీ 1870ల్లో ఇల్లు కట్టుకున్నాక ఇప్పటి పేరు వచ్చింది. గాలిబండ దగ్గర గాలి ఉధృతంగా ఉంటుంది, అంచుకు వెళ్లకండి. వారాంతం గదులు దొరకవు.

పాము కరిస్తే ఏం చేయాలి?

కోయకండి, నోటితో పీల్చకండి, తాడుతో బిగించి కట్టకండి. కరిచిన కాలు కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా మోసుకుని దారికి తెచ్చి 108కు ఫోన్ చేయండి. విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి, తిరుపతిలో రుయా ఉంది. నాటు వైద్యం పేరుతో గంట పోగొడితే ఆ గంట తిరిగిరాదు. రక్తపింజరి ఎండుటాకుల రంగులో కలిసిపోతుంది కాబట్టి కాలు ఎక్కడ పెడుతున్నారో చూడండి, బండ సందులో చేయి పెట్టకండి.

ఏమేం తీసుకెళ్లాలి?

మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్లు, పట్టున్న అడుగుతో బూట్లు, టోపీ, టార్చి, ఉప్పు పంచదార పొట్లాలు. తినడానికి పులిహోర గానీ పెరుగన్నం గానీ. కోనల్లో ఫోన్ సిగ్నల్ ఉండదు, కాబట్టి ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో కాగితం మీద రాసిపెట్టి వెళ్లండి. ప్లాస్టిక్ కవర్లు తిరుమలలో నిషేధం, మిగతా కొండల్లోనూ మీ చెత్త మీరే వెనక్కి తేవాలి. అగ్గిపెట్టె, సిగరెట్ వద్దు.

వెళ్లే ముందు ఎవరిని కనుక్కోవాలి?

ముక్కోటి దారులకు, మెట్లదారులకు టీటీడీని. జాతీయ ఉద్యానవనం, తలకోన, మామండూరుకు తిరుపతి అటవీశాఖ కార్యాలయాన్ని. కౌండిన్య వైపు పలమనేరు, కుప్పం రేంజి కార్యాలయాలను. ముందు రోజు ఫోన్ చేసినా, బయల్దేరిన రోజున చెక్‌పోస్టు దగ్గర ఇంకోసారి అడగండి. రాత్రి వాన పడినా, ఏనుగులు దిగినా ఆ సంగతి ముందుగా తెలిసేది అక్కడ డ్యూటీలో ఉన్న బీటు ఆఫీసరుకే. లోపలికి తోడు పంపమని అడిగితే దగ్గరి ఊళ్లో అడవి తెలిసినవాళ్లను చూపిస్తారు. వాళ్లకు ఇవ్వాల్సిన కూలీ బేరం ఆడకుండా ఇవ్వండి.